పెట్రాకు పెరటి గుమ్మం

ఆ పెద్దావిడ ఒకసారి నవ్వి ఊరుకుని ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేది కాదు. ఊరుకుంటేగా! మా పార్కులో కట్టిన పెట్రా మేడ వెనక్కి వెళ్ళి, అక్కడున్నది చూసి, చేతికర్ర గోడకు ఆనించి, కడుపు పట్టుకుని మరీ నవ్వింది. "ఇలా రండర్రా! దీనికి వంటిల్లు కూడా ఉంది. పొగగొట్టం చూడండి, పొగగొట్టం!" అని పార్కంతా వినబడేలా తనవాళ్ళను కేకేసింది. వాళ్ళొచ్చారు, నవ్వారు, ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. ఆ పక్కనే ఈఫిల్ టవరు కాళ్ళకు పట్టిన తుప్పు గీకుతూ మా నాన్న కూర్చుని ఉన్నాడు.

ఆవిడ ఎడారి దేశంలో ఉన్న అసలు పెట్రా చూసొచ్చిన మనిషి. "అక్కడ వెనక వైపంటూ ఏమీ లేదయ్యా. అదంతా కొండ. కొండనే ముందు నుంచి లోపలికి చెక్కారు. ఇది ఏ మహానుభావుడు కట్టాడో గానీ..." అని మా నాన్నకే చెప్పింది, ఆ మహానుభావుడు ఈయనేనని తెలియక. నాన్న "అలాగాండీ" అన్నాడు. అంతే. బ్రష్షు బకెట్లో పడేసి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. పని సగంలో వదిలేసి వెళ్ళిపోయిన నాన్నను చూడటం నాకు అదే మొదలు.

మాది ప్రపంచ వింతల పార్కు. మాది అంటే మా సొంతం అనుకునేరు, మేము అందులో పనివాళ్ళం. నాన్న మేస్త్రీ, నేను ఆయన చేతి కింద పని నేర్చుకుని ఇప్పుడు ఆయన్నే విసుక్కునే స్థాయికి వచ్చినదాన్ని, మా అన్నయ్య పెళ్ళాం, అంటే మా వదిన, రంగులు వేస్తుంది. పిరమిడ్లు, తాజ్‌మహల్, చైనా గోడ, కొలోసియం, మాచుపిచ్చు, పీసా టవరు, అన్నీ మనిషికి రెండింతల ఎత్తులో ఉంటాయి. నయాగరా జలపాతం కూడా ఉంది, కాకపోతే కరెంటు పోతే ఆగిపోతుంది. 'జీవితంలో చూసి తీరాల్సిన చోట్లు' అని గేటు మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ చోట్లలో ఒక్కటంటే ఒక్కటి మేమెవ్వరం చూసిన పాపాన పోలేదు.

ఫొటోలు చూసి కట్టాం. ఫొటోతో వచ్చే చిక్కేమిటంటే, ఎవడూ వెనక్కి వెళ్ళి ఫొటో తీయడు. తాజ్‌మహల్ నాలుగు పక్కలా ఒకేలా ఉంటుందని ఎవరో చెప్పబట్టి బతికిపోయాం. పిరమిడ్డుకు ఆ బాధే లేదు. పీసా టవరు గుండ్రంగా ఉంటుంది, ఎటు వంగిందో చూసుకుంటే చాలు. పెట్రాకు మాత్రం ఒక క్యాలెండరు బొమ్మ దొరికింది. స్తంభాలూ, గుమ్మమూ, పైన గోపురంలాంటిదీ ఉన్నాయి, చుట్టూ కొండ ఉండాల్సిన చోట కత్తిరించి తేదీలు వేశారు. దాన్ని చూసిన ఎవరికైనా అది కొండలో చెక్కిందని ఎలా తెలుస్తుంది? మా నాన్న దాన్ని మేడ అనుకున్నాడు.

అప్పట్లో పార్కు చివర ప్రహరీ గోడ ఉండేది. పెట్రా ఆ గోడకు వీపు పెట్టుకుని నిలబడింది. రెండింటి మధ్యా ఇద్దరు ముగ్గురు కూర్చునేంత సందు. పాత యజమాని, "వెనక ఎవరు చూస్తారు మేస్త్రీ, ఇటుకలు అలా వదిలెయ్" అన్నాడట. నాన్న సగం పని చేసే మనిషా! వదలనన్నాడు. కానీ ఏం కట్టాలో తెలీదు. ఎండ పడదు కాబట్టి మధ్యాహ్నం అమ్మ భోజనం తెచ్చి ఆ సందులోనే వడ్డించేది. నేనప్పుడు గౌను వేసుకుని ఇసుక జల్లించే వయసులో ఉన్నాను. వాళ్ళ మాటలు నాకిప్పటికీ చెవిలో ఉన్నాయి.

"ఇంత మేడ కట్టావు, వంటిల్లేదయ్యా?" అంది అమ్మ.

"రాజుల మేడకు వంటిల్లెందుకే?"

"రాజులేమన్నా గాలి భోంచేస్తారా? పొగ ఎటు పోతుంది? గిన్నెలెక్కడ తోముతారు? కడుగునీళ్ళు ఆ వీధి గుమ్మంలోంచే పారబోస్తారా, అంతమంది చూస్తుండగా?"

నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. ఆ సాయంత్రమే పెరటి గుమ్మం లేచింది. మర్నాడు పొగగొట్టం. ఆ తర్వాత గుమ్మం పక్కన గిన్నెలు తోముకునే అరుగు, దాని కింద నీళ్ళు పోయే కాలవ. పొయ్యి దగ్గర కూర్చున్నా వచ్చేదెవరో కనబడాలందని ఓ చిన్న కిటికీ. అమ్మ అడిగిన కొద్దీ ఈయన కట్టాడు, ఈయన కట్టిన కొద్దీ ఆవిడ అడిగింది. చివరికి ఓ రోజు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు ఇల్లయింది" అంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ గోడ చూస్తే నాకు ఆవిడ గొంతు వినబడుతుంది. ఇందులో సిగ్గుపడి దాచుకునేదేమీ లేదు.

పాత యజమాని కూతురే ఇప్పుడు మాకు మేడం. మంచిదే, కాకపోతే కాలు ఒక్కచోట నిలవదు. పక్క స్థలం కొని, ప్రహరీ కొట్టించి, అన్ని కట్టడాల చుట్టూ తిరిగి చూసేలా కొత్త దారి వేయించింది. అలా వేసిన మొదటి వారంలోనే ఆ పెద్దావిడ వచ్చి పడింది. ఆ వీడియో ఎంతమంది చూశారో గానీ, రెండు రోజులయ్యేసరికి జనం గేటు దాటి తాజ్‌మహల్ వైపు తల కూడా తిప్పకుండా నేరుగా పెట్రా వెనక్కి పోవడం మొదలుపెట్టారు.

మేడం నన్ను ఆఫీసుకు పిలిచింది. ఫ్యాను కింద కాగితాలు ఎగిరిపోకుండా చేత్తో నొక్కి పెట్టుకుని కూర్చుంది.

"మేస్త్రిగారు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన్ని బాధపెట్టాలని కాదు," అంది. "కానీ చూసి తీరాల్సిన చోట్లు అని గేటు మీద రాసుకున్నాం. ఎక్కడా లేనిదాన్ని చూపిస్తే ఎలా చెప్పండి? జనం అప్పుడే తొక్కేస్తున్నా, కొత్త దారి ప్రారంభోత్సవం వచ్చే వారం ఆదివారం. ఈలోపు ట్రాక్టరు పెట్టి తీయించేస్తాను. ఫైబరు పెట్రా ఒకటి దొరుకుతుందట."

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. అందుకే నాకు ఒళ్ళు మరింత మండింది. తప్పు మాట్లాడే వాళ్ళతో పోట్లాడటం తేలిక.

"ట్రాక్టరు మాట నాన్న దగ్గర అనకండి మేడం," అని చెప్పి వచ్చేశాను. నాన్న తరఫున నేను పోట్లాడాలనుకుంటూ ఇంటికి వెళ్ళానా, అక్కడ ఆయన వాకిట్లో కూర్చుని సమ్మెటకు కొత్త పిడి బిగిస్తున్నాడు.

"ఏంటది?" అన్నాను.

"సోమవారం పార్కుకు సెలవు కదా. నేనే పడగొడతా. ట్రాక్టరు వాడి చేత ఎందుకు?"

అంటే ఆ మాట అప్పటికే ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. వదినకు నోట్లో మాట దాగదు. నేను గుడ్లురిమి చూస్తే వంటింట్లోకి తప్పుకుంది.

"చిన్న తప్పుకు ఇంత రోషమా నాన్నా? ఎవరో ముసలావిడ నవ్విందని..."

"నన్ను చూసి నవ్వితే నాకేంటే? నా బతుకంతా ఎవడో ఒకడు నవ్వుతూనే ఉన్నాడు. వాళ్ళు నవ్వుతోంది మీ అమ్మని." సమ్మెట పక్కన పెట్టాడు. "అది అడిగిందని కట్టాను. అది లేదిప్పుడు. రోజూ వందమంది వచ్చి దాని మాటకు విరగబడి నవ్విపోతుంటే, నేను పక్కన కూర్చుని తుప్పు గీక్కోవాలా? నా వల్ల కాదు. తీసేస్తా."

మర్నాడు పొద్దున్నే లేచి మేడం దగ్గరికి వెళ్ళాను. ట్రాక్టరూ వద్దు, ఫైబరూ వద్దు, పెట్రా చుట్టూ కొండ నేను కట్టి ఇస్తాను, అసలుది ఎలా ఉందో అలాగే కనబడుతుంది అన్నాను.

"ఆదివారంలోగానా?"

"ఆదివారంలోగానే."

"మరి ఆ వంటిల్లు?"

"కొండలోకి పోతుంది," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు దాని అర్థం పూర్తిగా తెలియలేదు.

చువ్వలు వంచి నిలబెట్టాను. వాటి మీద వైరుమెష్, అదే ఇనప తీగల వల, కట్టుకుంటూ పోయాం. మెష్ మీద సిమెంటు ముద్దలు విసిరి, తడి ఆరకముందే గోనె గుడ్డతో అద్ది, తాపీ మొనతో పగుళ్ళు గీస్తే అచ్చం రాయే. వదిన ఎర్రమట్టి రంగూ గులాబీ రంగూ కలుపుకుని నా వెనకే వచ్చింది.

"అమ్మాయ్, నీ కొండ అప్పడంలా ఉందే," అంది.

"నువ్వు రంగు సరిగ్గా వెయ్యి, అదే కొండవుతుంది."

"నా రంగుకేం వచ్చింది? నా రంగు వల్లే మీ తండ్రీకూతుళ్ళ పని చూడబుల్‌గా ఉంది ఇన్నేళ్ళూ."

మూడు వైపులా అయిపోయి వెనక వైపుకు వచ్చాం. పొగగొట్టం మీదికి మెష్ లాగి కట్టాను. కిటికీ మీదికి లాగాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా చేతులు పనిచేయడం మానేశాయి. తీగ మెలిపెట్టాలి, అంతే పని, రోజూ వెయ్యి మెలికలు వేసే చేతులు. ముడి పడటం లేదు. వదిన నిచ్చెన మీద నుంచి చూస్తోంది. ఈసారి ఎకసెక్కెం ఆడలేదు.

"మూసేస్తే అందరికీ మంచిదే కదే," అంది మెల్లగా. "మామయ్యకూ బాధ ఉండదు, మేడంకూ గొడవ ఉండదు. లోపల ఉంటుంది. ఎవరూ నవ్వరు."

"ఎవరూ చూడరు కూడా," అన్నాను. వెనక వైపు కట్టిన మెష్ మొత్తం కటింగ్ ప్లేయరుతో కోసి కింద పడేశాను. "ఈ పార్కులో ఇన్ని కట్టాం కదా వదినా. అన్నీ ఎవరో కట్టినవే, చూసి కట్టాం. తలకాయలోంచి కట్టింది ఇదొక్కటే. దాన్ని పడగొట్టనివ్వను, పూడ్చనివ్వను. విడగొట్టి బయటికి తెస్తా."

"ఏంటీ, గోడనే?"

"గోడనే."

"నీకు పిచ్చి పట్టింది," అని వదిన నిచ్చెన దిగి, రంగు డబ్బా మూత పెట్టి, తాళ్ళు వెతకడానికి స్టోరుగదికి వెళ్ళింది.

మేడంకు చెబితే నుదురు కొట్టుకుంది. పార్కులో దానికి చోటు లేదంది. నయాగరా పంపుగది పక్కన ఖాళీ ఉందన్నాను. అది వింతల దారిలోకి రాదంది. మీరు ఒప్పుకునేదాకా నేనిక్కడే కూర్చుంటానన్నాను, కూర్చున్నాను కూడా. చివరికి, "నిలబడితే ఉంచండి. పగిలిందో, మళ్ళీ నా దగ్గరికి రావద్దు, ట్రాక్టరే," అంది. తోట పనివాళ్ళను నలుగురిని సాయం తీసుకోమంది, ఆ మాత్రం దయ చూపించింది.

సోమవారం పొద్దున్నే నేను వెళ్ళేసరికి, ఆ రోజు వెళ్ళిపోయాక పార్కు మొహం చూడని నాన్న నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. సమ్మెట భుజం మీద పెట్టుకుని, కొత్తగా లేచిన కొండను కిందికీ పైకీ చూస్తున్నాడు. నేరుగా వెనక్కి నడిచాడు. నేను పరిగెత్తి ఆయన కంటే ముందు అరుగు మీద కూర్చుని, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాను.

"లే."

"టీ తాగుతున్నాను."

"తాగి లే."

"ఫ్లాస్కు నిండా ఉంది నాన్నా."

ఆయనది మొండి, నాది ఆయన దగ్గర నేర్చుకున్న మొండి. ఎదురుగా ఇటుకల మీద కూర్చున్నాడు, సమ్మెట కాళ్ళ మధ్య పెట్టుకుని. తోట పనివాళ్ళు వచ్చి, మా ఇద్దరి మొహాలు చూసి, దూరంగా నిలబడ్డారు. వదిన వచ్చి, "మామయ్యా, టిఫిను చేశారా?" అని అడిగితే సమ్మెట పిడి సరిచూసుకున్నాడు.

"నాన్నా, ఒక్క మాట చెప్తా విను," అన్నాను. "ఆ పెద్దావిడ అంత దూరం పోయి ఆ కొండ చూసొచ్చింది. లక్షలమంది చూసొస్తారు. ఇక్కడ ఉండేవాళ్ళు ఏం తిన్నారు, ఎక్కడ వండుకున్నారు అని వాళ్ళలో ఎంతమందికి తట్టిందో నాకు తెలీదు. అమ్మకు క్యాలెండరు బొమ్మ చూస్తేనే తట్టింది. నవ్వితే నవ్వనీ. అమ్మ నవ్వులపాలైందని నువ్వనుకుంటున్నావు. నేననుకోవడం లేదు. నువ్వు కొడితే నాకు అమ్మ రెండోసారి పోయినట్టే."

నాన్న సమ్మెట వదల్లేదు. ఇక మాటలతో లాభం లేదనుకుని లేచి, కటింగ్ మిషను చేతికి తీసుకున్నాను. ముందు గోడకూ ఈ గోడకూ మధ్య అడ్డగోడలు ఉన్నాయి. వాటిని కోసేస్తే ఇది విడివడుతుంది. గోడ ఒరగకుండా పోటు కర్రలు ఆనించి, తాళ్ళు బిగించి, వంగి కింది వరస దగ్గర మిషను పెట్టాను. ఎర్రటి దుమ్ము లేచింది.

"ఆపవే!"

నాన్న కేకకు మిషను నా చేతిలోంచి జారబోయింది.

"కింద నుంచి కోస్తారా ఎవరైనా, మొద్దుమొహమా! పైకప్పులో చువ్వలు ఈ గోడ నుంచి ఆ గోడకు వేశాను. కింద కోశావంటే బరువంతా పైన వేలాడుతుంది. ఒక్క ఊపులో నీ నెత్తిన పడుతుంది."

"పడగొట్టడానికే కదా వచ్చావు. పడితే నీకేం?"

"నీ నెత్తిన పడమన్నానా?" అంటూ వచ్చి మిషను లాక్కున్నాడు. "ఇది నిలబెట్టడానికి కాదు. నువ్వు చావకుండా ఉండటానికి. తెలిసిందా?"

"తెలిసింది."

"ఆ పోటు కర్ర అక్కడ కాదు, ఇంకా ఇటు. తాడు అంత బిగిస్తే కిటికీ మూల ఊడుతుంది. నీకు పని నేర్పింది ఎవరు?"

"ఎవరో ముసలాయన," అన్నాను. వదిన నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది.

పైకప్పు నుంచి మొదలుపెట్టి నాన్న ఒక్కో చువ్వా కోశాడు. ప్రతి చువ్వా కోసే ముందు ఈ గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, కదులుతోందా అని. ఎక్కడ ఏ చువ్వ ఉందో వెతుక్కోలేదు. మధ్యాహ్నానికి అడ్డగోడలన్నీ తెగాయి. గోడ అడుగు కూడా కొంచెం కొంచెంగా కోసుకుంటూ ఇనప దూలం దూర్చి, దాని కింద గొట్టాలు వేసి, రెండు వైపులా చెక్క చట్రం కట్టి, తాళ్ళు పట్టుకుని మెల్లగా దొర్లించడం మొదలుపెట్టాం. వెనక గొట్టం ఖాళీ అయితే వదిన తీసుకొచ్చి ముందు వేస్తుంది. నాన్న ముందు నడుస్తూ, గోడకు ఎదురుగా, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, రెండు చేతులూ గాల్లో పెట్టి పిలుస్తున్నాడు. రా, రా, ఇంకొంచెం, రా.

మాచుపిచ్చు మలుపు దగ్గర దారి కొంచెం పల్లం. అక్కడ గొట్టం ఒకటి పక్కకు తిరిగింది. గోడ ఒరిగింది. ఫట్‌మని చప్పుడైంది. కిటికీ కింది మూల నుంచి గుమ్మం దాకా పగులు పాకింది, దాంట్లోంచి ఇసుక జలజలా రాలింది.

"ఎవ్వరూ కదలొద్దు!" అన్నాడు నాన్న.

కదలలేదు ఎవ్వరం. తాళ్ళు చేతులను కోసేస్తున్నాయి. నాన్న గోడకు భుజం ఆనించి నిలబడి, "చెక్క ముక్క," అన్నాడు. వదిన ఇచ్చింది. దూలం కింద పెట్టి, సమ్మెట అడిగాడు. నేను తెచ్చి ఇచ్చాను. ఆ సమ్మెటతోనే చెక్కను అంగుళం అంగుళం లోపలికి కొట్టాడు, చిన్న చిన్న దెబ్బలతో. గోడ మూలుగుతూ మెల్లగా నిటారుగా లేచింది. నాన్న భుజం మీద చొక్కా చిరిగి నెత్తురు కనబడుతోంది. తుడుచుకోలేదు.

"ఇంక చాలు మేస్త్రీ, పగిలింది కదా, వదిలేద్దాం," అన్నాడు తోట పనివాళ్ళలో ఒకాయన, రొప్పుతూ.

"పగిలింది, పడలేదు," అన్నాడు నాన్న. "పట్టండి తాడు."

పొద్దు వాలే వేళకు గోడ పంపుగది పక్కన నిలబడింది. ఆ తర్వాత మూడు రోజులు నాన్న దాని దగ్గరే ఉన్నాడు. వెనక ఆపుదల కట్టాడు, పునాది పోశాడు, పగులులోకి పల్చటి సిమెంటు పాలు పట్టించాడు. ఒక్కసారి కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు. వదిన గులాబీ రంగు డబ్బా తెస్తే వద్దన్నాడు. సున్నం వెయ్యమన్నాడు. పొగగొట్టం నోటి దగ్గర మసి రంగు పెట్టమన్నాడు. వదిన ఇంత పెడితే, "ఇంకా," అన్నాడు. "రోజూ వండే ఇల్లు."

నేను కొండ పని పూర్తి చేశాను. మేడం వచ్చి కొండ చూసి మెచ్చుకుంది. పంపుగది వైపు వచ్చి గోడను చాలాసేపు చూసి, "సరే, నిలబడింది," అంది. తర్వాత బోర్డు సంగతి అడిగింది. అన్నిటికీ బోర్డులున్నాయి, పేరు, దేశం, ఎవరు కట్టించారు, ఎందుకు చూడాలి అని. దీనికేం రాయాలి? నేనొకటన్నాను, వదిన ఒకటంది, మేడంకు ఏదీ నచ్చలేదు. నాన్నను అడిగితే, "ఏమీ రాయకండి. ఆదివారం నేను రావడం కూడా లేదు," అని తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, వచ్చి మోటారు చప్పుడు తేడాగా ఉందంటూ పంపుగదిలో దూరాడు. మోటారుకు ఏ రోగమూ లేదని నాకు తెలుసు. వదిన మోచేత్తో నన్ను పొడిచింది. నేను నయాగరా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.

జనం వచ్చారు. పెట్రా చూసి, "అబ్బో, కొండలోనే చెక్కేశారు!" అని నోళ్ళు వెళ్ళబెట్టారు. తర్వాత దారి దిగి ఇటు వచ్చారు. ఊరికే ఓ గోడ, సున్నం వేసిన గోడ, గుమ్మం, కిటికీ, అరుగు, మసి పట్టిన పొగగొట్టం. ఒక కుర్రజంట పకపకా నవ్వింది. వెనక వచ్చిన వాళ్ళు నవ్వారు. వీడియోలో చూసింది ఇదేనని ఎవరో అన్నారు, మళ్ళీ నవ్వారు. పంపుగది తలుపు సందులో నాన్న చొక్కా కనబడుతోంది. ఆయన వెళ్ళిపోతాడేమో, ఈసారి వెళ్ళిపోతే ఇక పనిలోకి రాడేమో అనుకున్నాను. ఎవరినైనా నాలుగు దులిపేద్దామన్నంత కోపం వచ్చింది. దేనికని దులపను? వాళ్ళు నవ్వుతున్నారు, అంతే.

నాన్న తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. వెళ్ళిపోలేదు. తల వంచుకోలేదు. వచ్చి గోడ పక్కన, అరుగుకు ఇవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నవ్వేవాళ్ళను నవ్వనిస్తూ, అలాగే నిలబడ్డాడు.

గుంపు వెనక ఒక నడివయసావిడ ఉంది, చేతిలో పెద్ద సంచీ, చంకలో పసిబిడ్డ. అన్నీ చూసి చూసి అలసిపోయినట్టుంది. వచ్చి ఆ అరుగు మీద కూర్చుని, సంచీ దింపి, బిడ్డను ఒళ్ళో సర్దుకుంది. గుమ్మం వంకా పొగగొట్టం వంకా తేరిపార చూసింది. బోర్డు కోసం వెతికి, కనబడక, నాన్నను అడిగింది.

"చాలా బాగుందండీ ఇది. అసలుది ఏ దేశంలో ఉంది?"

మా పార్కులో ఏ కట్టడం దగ్గరైనా జనం అడిగేది అదే మాట. ఎవరు అడిగినా నాన్న దేశం పేరు చెప్పి, "ఇదేం చూస్తారులెండి, వీలైతే అది చూసి రండి" అనేవాడు, ఇన్నేళ్ళూ అలాగే అన్నాడు. ఇప్పుడు గోడ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇదేనమ్మా అసలుది," అన్నాడు. "మా ఆవిడ కట్టించింది."